ఇంటర్నెట్ ఫోన్‌లో అవతలివాళ్ల మాట వినపడట్లేదు: సిప్, నాట్, జిట్టర్ అంటే ఏంటో ఎవరైనా చెప్పండి

మిర్చి_అడ్తి · ఎనుమాముల

అందరికీ నమస్కారం. మార్కెట్ యార్డు దగ్గర మాది అడ్తి (కమీషన్) దుకాణం, మిర్చి, పత్తి. ఈ మధ్య ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోన్లు నాలుగు పెట్టించాం. నంబరు ఒకటే, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల బల్ల మీద మోగుతుంది. కొత్త నంబరు తక్‌పట్టీల (రైతుకిచ్చే లెక్క చీటీల) మీద అచ్చు కూడా వేయించాం.

ఇప్పుడు మూడు రకాల తిప్పలు. కొన్ని కాల్స్‌లో మా మాట వాళ్లకు వినిపిస్తుంది, వాళ్లది మాకు వినపడదు. కొన్ని అరనిమిషం కాగానే కట్ అవుతాయి. సాయంత్రం పూట గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఫోన్లు పెట్టినాయన "మీ రూటర్‌లో నాట్ సమస్య, సిప్ ఏఎల్‌జీ చూసుకోండి" అంటాడు. నెట్ ఇచ్చినాయన "వంద ఎంబీపీఎస్ ఫుల్‌గా వస్తోంది, జిట్టర్ మీ ఫోన్లదే" అంటాడు. ఈ మాటలకు అర్థం తెలిస్తే కనీసం ఎవర్ని నిలదీయాలో తెలుస్తుంది.

ఊరికే_చూస్తున్నా · హన్మకొండ

ఇదంతా ఎందుకన్నా పరేషాన్, నాలుగు సిమ్‌లు తీసుకుంటే అయిపోయేది. వాట్సాప్ ఉండనే ఉంది.

మిర్చి_అడ్తి · ఎనుమాముల

నాలుగు సిమ్‌లంటే నాలుగు నంబర్లు తమ్మీ. రైతుకు ఒక నంబరు గుర్తుండటమే ఎక్కువ. పైగా గుంటూరు ఖరీదుదారుకు ఏ రేటు చెప్పామో రికార్డు ఉండాలి, లేకపోతే రోజూ లొల్లే.

కెయూ_క్రాస్ · హన్మకొండ

అన్నా, మీరు చెప్పినవి మూడూ వేర్వేరు రోగాలు. ఒక్కోదాని మూలం ఒక్కో చోట ఉంది.

ఇంటర్నెట్ ఫోన్‌లో కాల్ కలిపే పని, మాట మోసే పని రెండూ విడివిడిగా జరుగుతాయి. కలిపేది సిప్. నంబరు కొట్టడం, అవతల రింగ్ అవడం, ఎత్తడం, పెట్టేయడం అన్నీ దాని సందేశాలే. ఇప్పుడు నడుస్తున్న రూపం 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. మామూలుగా 5060 పోర్టు మీద నడుస్తుంది, పోర్టు అంటే ఒకే అడ్రస్‌లో నంబరు వేసిన గుమ్మం లాంటిది. గొంతు మాత్రం ఆర్‌టీపీ అనే ఇంకో పద్ధతిలో, వేరే పోర్టుల మీద పోతుంది. అందుకే రింగ్ అయి, ఎత్తి, స్క్రీన్ మీద టైము నడుస్తున్నా మాట రాకపోవచ్చు. సిప్ దాటింది, ఆర్‌టీపీ ఎక్కడో ఆగింది అని అర్థం.

ఎక్కడ ఆగింది అంటే, నాట్ దగ్గర. మీ ఫోన్లకు 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు ఉంటాయి. ఎనుమాములలో ప్రతి దుకాణంలోనూ అవే ఉంటాయి, బయటి ఇంటర్నెట్‌లో అవి చెల్లవు. మీ రూటర్ లోపలి అడ్రస్‌లన్నిటినీ ఒక్క బయటి అడ్రస్ వెనక పెట్టి నడిపిస్తుంది. ఐపీవీ4 అనే పాత అడ్రస్ పద్ధతిలో మొత్తం అడ్రస్‌లే దాదాపు 430 కోట్లు, అందరికీ సరిపోవు కాబట్టి ఈ ఏర్పాటు. వెబ్‌సైట్లకు దీంతో ఇబ్బంది లేదు, అక్కడ ముందు అడిగేది ఎప్పుడూ లోపలివాళ్లే. ఫోన్‌కు అలా కుదరదు. కాల్ కలిసేటప్పుడు మీ ఫోన్ సిప్ సందేశం లోపల "గొంతు ఈ అడ్రస్‌కు పంపండి" అని రాస్తుంది. ఆ భాగాన్ని ఎస్‌డీపీ అంటారు. అక్కడ 192.168 అని రాసి ఉంటే అవతలి సర్వర్ ఎక్కడికి పంపాలి? మీ నుంచి వెళ్లే గొంతుకు సర్వర్ అడ్రస్ సరిగ్గా తెలుసు కనుక అది చేరుతుంది. తిరిగి వచ్చేదే గాలిలో కలుస్తుంది. మీ మొదటి తిప్పలు ఇదే.

సిప్ ఏఎల్‌జీ అనేది రూటర్‌లో ఒక ఆప్షన్. ఈ సందేశాన్ని మధ్యలో విప్పి అడ్రస్ సరిచేద్దామని పెట్టారు. చాలా చవక రూటర్లలో అది సగం మార్చి సగం వదిలేస్తుంది. ఇప్పటి ఫోన్ సర్వీసులు చాలావరకు ఆ సర్దుబాటు తమ సర్వర్ వైపే చేసుకుంటాయి. ఇద్దరూ చేస్తే రెండూ చెడతాయి. దాన్ని ఆపేయండి, అనుమానం వద్దు.

రెండోదానికి స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 32 సెకన్లకు కట్ అవుతోందా?

మిర్చి_అడ్తి · ఎనుమాముల

ఇప్పుడే చూశాను. సరిగ్గా 32! నీకెట్ల తెలుసు తమ్మీ?

కెయూ_క్రాస్ · హన్మకొండ

అది సిప్ నియమాల్లోనే ఉంది అన్నా. ఒకరు ఎత్తగానే "ఎత్తాను" అనే సందేశం పోతుంది, దానికి "అందింది" అని జవాబు రావాలి. రాకపోతే మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. మొదటి గడువు అర సెకను, మొత్తం గడువు దానికి 64 రెట్లు, అంటే 32 సెకన్లు. అప్పటికీ జవాబు రాకపోతే కాల్ వదిలేస్తుంది. "అందింది" అనే సందేశం తప్పుడు అడ్రస్‌కు పోతోంది. మూలం మళ్లీ నాట్, ఏఎల్‌జీయే.

కాల్ 15 నిమిషాలకో, అరగంటకో ప్రతిసారీ అదే టైముకు కట్ అవుతుంటే అది సెషన్ టైమర్, అంటే కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యమధ్యలో సరిచూసే గడువు. మీ సమస్య అది కాదు, తర్వాత చదివేవాళ్ల కోసం రాస్తున్నా.

రిటైర్డ్_ఎక్స్ఛేంజీ · కాజీపేట

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని చేసి రిటైర్ అయినవాణ్ణి. ఆ "వంద ఎంబీపీఎస్" మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఫోన్ మాటకు స్పీడ్ ఎంత కావాలో లెక్క చూడండి.

మనిషి గొంతు అర్థం కావడానికి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా చాలని పాత టెలిఫోన్ వాళ్లు తేల్చారు. దాన్ని సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తే 64 కేబీపీఎస్. జీ.711 కోడెక్ అంటే ఇదే. గొంతును అంకెలుగా, అంకెలను మళ్లీ గొంతుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. మన దగ్గర ఏ-లా రకం, అమెరికాలో మ్యూ-లా రకం. ఇంటర్నెట్‌లో పంపేటప్పుడు దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ప్యాకెట్‌లో గొంతు 160 బైట్లు, దాని మీద అడ్రస్‌లూ అవీ 40 బైట్లు. సెకనుకు 50 ప్యాకెట్లు. వెరసి 80 కేబీపీఎస్, ఈథర్‌నెట్ తొడుగు కలిపితే 87. మీ నాలుగు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా అటు 350 కేబీపీఎస్, ఇటు 350. వందలో అది ఏ మూలకు? స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లిపోయేవాళ్లు ఫోన్ గురించి ఏమీ చూడనట్టే.

స్ప్లైసింగ్_శీను · పరకాల

సార్ నన్నే అన్నట్టుంది. నేను ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే పనిలోనే ఉన్నా. మా పైవాళ్లు కూడా స్పీడ్ టెస్ట్ ఫొటో పంపితే కంప్లైంట్ క్లోజ్ చేస్తారు. కానీ సార్ చెప్పింది నిజం.

మూడో తిప్పలు నా లైన్‌లోది కాబట్టి చెప్తా. ప్యాకెట్ అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి పట్టే టైము లేటెన్సీ. ఆ టైము ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కోలా ఉండటం జిట్టర్. అసలు రాకుండా పోవడం ప్యాకెట్ లాస్. నర్సంపేట బస్సు 20 నిమిషాలకొకటి బయలుదేరుతుంది, మన స్టాపుకు మాత్రం ఒకసారి గంట దాకా రాదు, తర్వాత మూడు కలిసి వస్తాయి. మొత్తం బస్సులు లెక్కకు సరిపోతాయి, స్టాపులో నిలబడ్డవాడికి మాత్రం కష్టమే. గొంతు ప్యాకెట్లదీ అదే కథ. ఫోన్‌లో జిట్టర్ బఫర్ అని ఉంటుంది. వచ్చినవాటిని 40, 60 మిల్లీసెకన్లు ఆపి, వరసలో పెట్టి వినిపిస్తుంది. అంతకంటే ఆలస్యమైన ప్యాకెట్‌ను పారేస్తుంది. మీకు గొంతు ముక్కలవుతున్నది అక్కడే.

మీరే పరీక్షించుకోవచ్చు. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు మీ రూటర్‌కు పింగ్ కొట్టండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం. రూటర్ అడ్రస్ సాధారణంగా 192.168.1.1 ఉంటుంది. కేబుల్ మీదైతే 1 మిల్లీసెకను దగ్గర నిలకడగా ఉండాలి. అక్కడే 3, 5, 90 అని ఎగిరితే తప్పు మీ దుకాణంలోనే, వైఫైలో. తర్వాత బయట 8.8.8.8కు (గూగుల్ సర్వర్) కొట్టండి. లోపల బాగుండి బయట ఎగిరితే మా వైపు సమస్య, అప్పుడు మమ్మల్ని తిట్టండి. ఈ పని పొద్దున చేయొద్దు, గొంతు పోయే సాయంత్రమే చేయండి.

ఇంకో ప్రశ్న. సీసీ కెమెరాలు ఉన్నాయా?

మిర్చి_అడ్తి · ఎనుమాముల

ఉన్నాయి. గోదాంలో, కాంటా దగ్గర, బయట. రికార్డింగ్ ఆన్‌లైన్‌లో దాచే ప్యాకేజీ తీసుకున్నాం.

రూటర్‌కు 1 దగ్గరే ఉంది, ఫోన్లు కేబుల్ మీదే ఉన్నాయి. బయటికి పొద్దున 14, 15 వచ్చింది. సాయంత్రం ఒక్కోసారి 300 దాటుతోంది.

స్ప్లైసింగ్_శీను · పరకాల

దొరికింది. కెమెరాలు అప్‌లోడ్ మొత్తం తినేస్తున్నాయి. మీ ప్లాన్‌లో డౌన్‌లోడ్ 100 అయినా అప్‌లోడ్ తక్కువ ఉండి ఉంటుంది, బిల్లు మీద చూడండి. వీడియో ముక్కలన్నీ రూటర్ క్యూలో నిలబడితే వాటి వెనక మీ గొంతు ప్యాకెట్ నిలబడుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. కెమెరా అప్‌లోడ్‌ను రాత్రి 10 తర్వాతకు మార్చండి, లేదా రూటర్‌లో దానికి హద్దు పెట్టండి.

కెయూ_క్రాస్ · హన్మకొండ

రూటర్‌లో క్యూఓఎస్ (ముఖ్యమైన ప్యాకెట్లను ముందు పంపే ఆప్షన్) ఆన్ చేసుకున్నా నయమే. గొంతు ప్యాకెట్ మీద ఒక గుర్తు ఉంటుంది, డీఎస్‌సీపీ 46 అని. దాన్ని చూసి రూటర్ ముందు పంపుతుంది. ఇది మీ రూటర్ గుమ్మం దాకానే. బయటి ఇంటర్నెట్‌లో ఆ గుర్తును పట్టించుకుంటారని ఆశపడొద్దు.

కావాలంటే కోడెక్ జీ.729 పెట్టి చూడండి, 8 కేబీపీఎస్‌తో సరిపోతుంది.

రిటైర్డ్_ఎక్స్ఛేంజీ · కాజీపేట

దీనికి నేను ఒప్పుకోను. 8 కేబీపీఎస్ అన్నది గొంతుకు మాత్రమే. పైన ఆ 40 బైట్ల తొడుగు అలాగే ఉంటుంది కాబట్టి వైరు మీద 24 అవుతుంది. ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయన్నదీ మారదు, సెకనుకు అవే 50. క్యూలో ఆలస్యం అలాగే ఉంటుంది. స్థలం బోలెడు ఉన్నచోట గొంతును నలిపి పంపడం దేనికి? ఒక ప్యాకెట్ పోతే నలిపిన గొంతులో ఆ దెబ్బ ఇంకా ఎక్కువ వినపడుతుంది. జీ.711 ఉంచండి. సర్వీసువాళ్లు జీ.722 ఇస్తే అది ఇంకా మంచిది, సెకనుకు 16000 సార్లు కొలుస్తుంది, ఎదుటి మనిషి పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. రెండు వైపులా ఉంటేనే సుమా.

కెయూ_క్రాస్ · హన్మకొండ

సరే సార్, ఈ కేసులో మీదే కరెక్ట్. మొబైల్ డేటా మీద నడిపేవాళ్లకు ఓపస్ వాడమంటాను. 2012 నుంచి ప్రమాణంగా ఉంది, లైన్ బాగా లేకపోతే తనే తగ్గుతుంది.

సుబేదారి_ల్యాబ్ · హన్మకొండ

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో బయటికి కాల్స్ బాగా పోతాయి. లోపలికి మాత్రం కాసేపు ఖాళీగా ఉంటే రావు, పేషెంట్లకు స్విచాఫ్ అని వస్తుందట. ఫోన్ ఎత్తి ఎవరికైనా చేస్తే మళ్లీ కొంతసేపు వస్తాయి.

కెయూ_క్రాస్ · హన్మకొండ

మీ ఫోన్ సర్వర్ దగ్గర "నేను ఇక్కడున్నాను" అని అప్పుడప్పుడు రిజిస్టర్ అవుతుంది. ఆ దారిని మీ రూటర్ నాట్ పట్టికలో గుర్తుపెట్టుకుంటుంది. చాలా రూటర్లు యూడీపీ (ఈ ఫోన్ ప్యాకెట్లు పంపే పద్ధతి) దారి 30 సెకన్లు ఖాళీగా ఉంటే ఆ వరస చెరిపేస్తాయి. తర్వాత సర్వర్ పిలిచినా లోపలికి దారి ఉండదు. ఫోన్ సెట్టింగుల్లో కీప్ అలైవ్ అని ఉంటుంది, దారి చెరిగిపోకుండా చిన్న ప్యాకెట్ పంపుతూ ఉంటుంది, 20 సెకన్లు పెట్టండి.

దీనికోసం ఎవరైనా 5060 పోర్టును బయటికి తెరిచి పెట్టమంటే వినొద్దు. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న 5060 కోసం రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ 101, పాస్‌వర్డ్ 1234 అని ఉంటే రాత్రికి రాత్రి మీ లైన్ మీద విదేశాలకు కాల్స్ పోతాయి, బిల్లు మీకు వస్తుంది.

జగిత్యాల_అక్క · జగిత్యాల

మీ చర్చంతా చదివాను, సగం అర్థమైంది. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, ఫొటో పోతుంది, కాల్ మాత్రం కలవదు. ఇది కూడా నాట్ వల్లేనా? మా మరిది సౌదీలో ఉంటాడు, అతనికి ఈ ఇబ్బంది లేదు.

కెయూ_క్రాస్ · హన్మకొండ

కాదక్కా, నాట్‌ను వాట్సాప్ దాటేస్తుంది. దానికి స్టన్, టర్న్ అని పద్ధతులున్నాయి. స్టన్ అంటే బయటి సర్వర్‌ను "నా అడ్రస్ నీకు ఎలా కనపడుతోంది" అని అడిగి తెలుసుకోవడం. దారి అసలు దొరకకపోతే టర్న్ సర్వర్ మధ్యలో నిలబడి ఇటు గొంతు అటు, అటు గొంతు ఇటు అందిస్తుంది.

మీది అక్కడి ప్రభుత్వ నియమం. యూఏఈలో అనుమతి ఉన్న యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్స్ చేయాలి. బోటిమ్ లాంటివి అందుకే అక్కడ అందరి ఫోన్లలో ఉంటాయి. సౌదీ 2017 సెప్టెంబర్‌లో తన నియమాలు పాటించే యాప్‌లకు ఆ నిషేధం ఎత్తేసింది. వీపీఎన్ పెట్టి దొడ్డిదారిన మాట్లాడమని ఎవరైనా చెప్తే వినొద్దని ఆయనకు చెప్పండి. అక్కడ పట్టుబడితే జరిమానా మన లెక్కల్లో కోట్లలో ఉంటుంది.

జగిత్యాల_అక్క · జగిత్యాల

వీపీఎన్ సలహా రూమ్‌లో వాళ్లు ఇచ్చారంట, వద్దని ఇప్పుడే చెప్పాను. ఇంకోటి. ఒక్కోసారి ఆయన కార్డు కొని మామూలుగా ఫోన్ చేస్తే మాకు దుబాయ్ నంబరు కాకుండా మన ఇండియా నంబరు ఏదో పడుతుంది. తిరిగి చేస్తే ఎత్తరు.

రిటైర్డ్_ఎక్స్ఛేంజీ · కాజీపేట

అమ్మా, అది సిమ్ బాక్సు దారి. అక్కడి కాల్‌ను ఇంటర్నెట్‌లో ఇండియా దాకా తెచ్చి, ఇక్కడ ఎవరి గదిలోనో పదుల కొద్దీ సిమ్‌లు గుచ్చిన ఒక పెట్టెలోంచి లోకల్ కాల్‌గా మీ ఫోన్‌కు వదులుతారు. లైసెన్సు ఉన్న కంపెనీ గేట్‌వే ద్వారా రావాల్సిన అంతర్జాతీయ కాల్ అది. ఎక్కడి నుంచి వచ్చిందో పోలీసులకు కూడా తెలియకుండా పోతుంది. మీ ఆయన తప్పేమీ లేదు, చవక కార్డు అమ్మినవాడిదే తప్పు. అలాంటి కాల్స్‌ను టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో రిపోర్ట్ చేయవచ్చు.

యువకులు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: "మీ ఇంట్లో చిన్న డబ్బా, నెట్ కనెక్షన్ పెడతాం, నెలకు ఇంత ఇస్తాం" అని ఎవడైనా వస్తే అది ఇదే. పెట్టె దొరికిన ఇంటివాడి మీదే ముందు కేసు పడుతుంది.

ఊరికే_చూస్తున్నా · హన్మకొండ

బ్యాంక్ నుంచి అని వచ్చే దొంగ కాల్స్ కూడా ఇలాగేనా? ట్రూకాలర్‌లో బ్యాంక్ పేరే పడుతుంది.

కెయూ_క్రాస్ · హన్మకొండ

కొన్ని ఇలాగే. సిప్‌లో ఎవరు చేస్తున్నారనేది కేవలం ఒక వరుసలో రాసిన అక్షరాలు. మధ్యలో ఎవరూ సరిచూడకపోతే ఏ నంబరైనా రాసుకోవచ్చు. ఇక ట్రూకాలర్ పేరు చాలావరకు జనం పెట్టిందే. కాబట్టి తెర మీద పడిన పేరు చూసి ఓటీపీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చేయాలి.

తాడ్వాయి_సారు · ములుగు జిల్లా

మా ఊరి బడిలో టీచర్ని. ఇంట్లో ఫైబర్ ఉంది, మొబైల్ సిగ్నల్ మాత్రం డాబా ఎక్కితేనే. ఇలాంటిచోట మామూలు నంబరుకే కాల్స్ రావాలంటే ఐపీ ఫోన్ కొనాలా?

స్ప్లైసింగ్_శీను · పరకాల

ఏం కొనక్కర్లేదు సార్. ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మీ మొబైల్ మీ ఫైబర్ మీదుగా సిమ్ కంపెనీ సర్వర్‌కు ఒక భద్రమైన దారి వేసుకుంటుంది. నంబరు అదే, యాప్ అక్కర్లేదు. వీఓఎల్‌టీఈలో (4జీ మీద నడిచే కాల్స్‌లో) కూడా లోపల నడిచేది ఈ సిప్పే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పటి నుంచి దాని కాల్స్ అన్నీ ఇలాగే, దానికి 2జీ, 3జీ అసలు లేవు. ఆన్ చేసినా రాకపోతే మీ రూటర్ యూడీపీ 500, 4500 పోర్టులను ఆపుతుందేమో చూడండి.

మిర్చి_అడ్తి · ఎనుమాముల

అప్‌డేట్. ఏఎల్‌జీ ఆపేశాం, వెతకడానికే తల ప్రాణం తోకకొచ్చింది, సెక్యూరిటీ మెనూలో దాగి ఉంది. మాట రెండు వైపులా వస్తోంది, 32 సెకన్ల కట్ పోయింది. కెమెరాలను రాత్రికి మార్చాం, సాయంత్రం కూడా పింగ్ 15 దాటట్లేదు. ఒక ఫోన్‌లో మాత్రం ఇంకా అప్పుడప్పుడు మాట రాదు. అది లోపలి గదిలో మేము పెట్టుకున్న రెండో రూటర్‌కు ఉంది.

కెయూ_క్రాస్ · హన్మకొండ

అది డబుల్ నాట్. రూటర్ వెనక రూటర్, రెండు సార్లు అడ్రస్ మారుతోంది. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అప్పుడు అది వైఫై ఇస్తుంది కానీ అడ్రస్‌లు మార్చదు.

ఒకసారి మొదటి రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటర్ బయటి వైపు అడ్రస్) కూడా చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీ నెట్ కంపెనీ కూడా తన వైపు నాట్ చేస్తోంది, దాన్ని సీజీ-నాట్ అంటారు. మీ ఫోన్లకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు, కీప్ అలైవ్ ఉంటే చాలు. దుకాణంలోనే సొంత సర్వర్ పెట్టాలనుకున్నప్పుడే స్టాటిక్ ఐపీ (మారని బయటి అడ్రస్) అడగండి. ముందే డబ్బు కట్టొద్దు.

మిర్చి_అడ్తి · ఎనుమాముల

సరే తమ్మీ, చాలా థాంక్స్. ఆఖరిగా, నిన్న కరెంటు పోయింది, నాలుగు ఫోన్లూ చచ్చాయి. పాత ల్యాండ్‌లైన్ అట్ల ఆగేది కాదు.

రిటైర్డ్_ఎక్స్ఛేంజీ · కాజీపేట

పాత రాగి తీగలోనే 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. గాజు తీగలో వెలుగే పోతుంది, కరెంటు రాదు. దుకాణంలోనే మీరు చూసుకోవాలి.

స్ప్లైసింగ్_శీను · పరకాల

ఫైబర్ డబ్బాకు, రూటర్‌కు మినీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, ఎక్కువ 12 వోల్టులవే. ఫోన్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి. విడి అడాప్టర్లు లేకుండా నెట్ కేబుల్‌లోనే వస్తుంటే అది పీఓఈ స్విచ్. దానికి మినీ యూపీఎస్ చాలదు. కాంటా దగ్గర ఇన్వర్టర్ ఉంటుందిగా, దాని లైన్ ఒకటి స్విచ్ దాకా లాగించండి. అర్జెంటు పనికి, 108కి, 112కి మాత్రం మొబైల్ నుంచే చేయండి.